రాడ్‌బర్న్ ప్రణాళికాబద్ధ నివాసవాడ: సామాజిక జీవనం, స్వపరిపాలన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 1929లో వెలసిన రాడ్‌బర్న్ ఇరవయ్యో శతాబ్దపు నగర ప్రణాళికా శాస్త్రంలో తరచుగా ప్రస్తావనకు వచ్చే నివాసవాడ. వాహనాల దారినీ మనుషుల దారినీ వేరుచేసిన దాని పటం దేశదేశాల ప్రణాళికాకర్తలను ఆకర్షించింది. ఆ పటంతోపాటే అక్కడ తయారైన నిబంధనల ప్రకటన మాత్రం న్యాయశాస్త్ర, రాజనీతిశాస్త్ర పరిశోధకుల వెలుపల అంతగా చర్చకు రాలేదు. ఈ రెండూ కలిసి అక్కడి సామాజిక జీవనాన్ని ఎలా తీర్చిదిద్దాయో, కలిసి బతకడానికి ఇన్ని వసతులు పొందిన నివాసులు తమ వాడ పాలనలో సమాన హక్కు కోసం 2017 వరకు ఎందుకు వేచి ఉండవలసివచ్చిందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: రాడ్‌బర్న్, ఉద్యాననగరం, సూపర్‌బ్లాక్, ఇరుగుపొరుగు, నివాసుల సంఘం, నిబంధనల ప్రకటన, కాలనీ.

ఉపోద్ఘాతం:

తెలుగులో జనావాసాన్ని చెప్పే మాటలకు కొదవలేదు. వాడ, పేట, పాలెం, గూడెం, పల్లె, అగ్రహారం మొదలైన వాటిలో ప్రతిదాని వెనుకా అక్కడ ఎవరు నివసించారో, ఏ వృత్తితో బతికారో, ఎవరు ఎవరికి భూమి ఇచ్చారో తెలిపే చరిత్ర ఏదో ఒకటి ఉంటుంది. ‘కాలనీ’ అనే మాట ఇంగ్లీషు నుండి వచ్చి వీటి పక్కన చేరింది. ముందుగా నేలను కొలిచి, గీతలు గీసి, ప్లాట్లు వేసి, ఆ తరువాత మనుషులను పిలిచిన చోటును తెలుగువారు కాలనీ అన్నారు. వాడలో మనుషులు కలిసి బతకడం అలవాటైన తరువాత హద్దులు తేలతాయి. కాలనీలో హద్దులు తేలిన తరువాత మనుషులు కలిసి బతకడం నేర్చుకోవాలి. ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేని కుటుంబాల మధ్య ఇరుగుపొరుగుతనం కాగితంమీది పటంతో పుట్టగలదా అన్నది ఈ మాటలోనే ఇమిడివున్న ప్రశ్న.

ఈ ప్రశ్నను తమ వృత్తిజీవితానికి కేంద్రంగా చేసుకున్న కొందరు వాస్తుశిల్పులు, ఆర్థికవేత్తలు, రచయితలు 1920లలో న్యూయార్క్‌లో ఉండేవారు. వారి ప్రయత్నాల ఫలితమే రాడ్‌బర్న్. తెలుగువారు అధికంగా స్థిరపడిన అమెరికా రాష్ట్రాలలో న్యూజెర్సీ ఒకటి అయినప్పటికీ, ఆ రాష్ట్రపు ఫెయిర్‌లాన్ బరోలో ఉన్న ఈ చిన్న వాడ గురించి తెలుగులో వచ్చిన పరిశీలన అరుదు.

నేపథ్యం:

ఇంగ్లండులో ఎబినేజర్ హోవర్డ్ 1898లో ప్రతిపాదించిన ఉద్యాననగర భావన రాడ్‌బర్న్‌కు మూలం. నగరపు కిక్కిరింపునూ పల్లె ఒంటరితనాన్నీ తప్పించుకునేలా, చుట్టూ పొలాలతో, లోపల పరిశ్రమలతో, పరిమిత జనాభాతో కొత్త పట్టణాలు కట్టాలని హోవర్డ్ ఆశించాడు. ఆ పట్టణపు భూమి ఏ ఒక్కరిదీ కాకుండా సమాజం చేతిలో ఉండాలనేది ఆయన ఆలోచనలో కీలకం. పెరిగిన భూమి విలువ అందరికీ చెందాలన్న ఈ అంశం తరువాత దేశాంతరాలకు వెళ్లిన ఉద్యాననగరాలలో అన్నిటికంటే ముందుగా జారిపోయింది. పూలమొక్కలు మిగిలాయి గాని భూస్వామ్య స్వభావం మారలేదని చెప్పడం కొంత కటువుగా ఉన్నా అసత్యం కాదు.

అమెరికాలో 1923లో ఏర్పడిన ప్రాంతీయ ప్రణాళికా సంఘంలో వాస్తుశిల్పి క్లారెన్స్ స్టైన్, ప్రణాళికాకర్త హెన్రీ రైట్, రచయిత లూయిస్ మమ్‌ఫోర్డ్ ముఖ్యులు. వారి మిత్రుడు, గృహనిర్మాణ వ్యాపారి అలెగ్జాండర్ బింగ్ 1924లో సిటీ హౌసింగ్ కార్పొరేషన్‌ను స్థాపించాడు. వాటాదారులకు ఏటా ఆరు శాతానికి మించి లాభం పంచకూడదని ఆ సంస్థ తనకు తానే హద్దు పెట్టుకుంది. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో సన్నీసైడ్ గార్డెన్స్ దాని తొలి నిర్మాణం. అక్కడ నగరపాలక సంస్థ అప్పటికే గీసిన చదరపు వీధుల మధ్యనే ఇళ్లను ఇమడ్చవలసివచ్చింది. అయినప్పటికీ ఇళ్ల వెనుక పెరళ్లను కలిపి ఉమ్మడి తోటలుగా చేయడంతో ఇరుగుపొరుగు కలయికకు చోటు దొరికింది. మమ్‌ఫోర్డ్ స్వయంగా కొన్నేళ్లు అక్కడ నివసించాడు.

సన్నీసైడ్‌లో అల్లుకున్న ఈ బంధం 1930ల ఆర్థిక మాంద్యంలో కట్టినవారికే ఎదురుతిరిగింది. ఉద్యోగాలు పోయి, ఇంటి అప్పు వాయిదాలు చెల్లించలేని స్థితిలో అక్కడి కుటుంబాలు ఏకమై చెల్లింపులు ఆపివేసి నిరసన తెలిపాయి. పొరుగువారిని ఒక్కటి చేయాలని ఉద్యానాలు వేసిన సంస్థకు, ఒక్కటైన పొరుగువారు ఏమి చేయగలరో అక్కడ తెలిసివచ్చింది.

మోటారు యుగపు పటం:

రాడ్‌బర్న్ కోసం ఫెయిర్‌లాన్‌లో సుమారు రెండు చదరపు మైళ్ల వ్యవసాయ భూమిని కొన్నారు. పాత వీధుల బెడద అక్కడ లేదు. 25,000 మంది నివసించే పట్టణం కట్టాలన్నది సంకల్పం. అప్పటికి అమెరికా రోడ్లమీద రెండు కోట్లకు పైగా మోటారు వాహనాలు తిరుగుతున్నాయి. వీధి అంటే పిల్లలు ఆడుకునే చోటు అన్న అర్థం పోయి, పిల్లలు ప్రాణాలు పోగొట్టుకునే చోటుగా మారుతున్న కాలమది. అందుచేతనే దీన్ని ‘మోటారు యుగపు పట్టణం’గా పరిచయం చేశారు.

స్టైన్, రైట్‌లు వేసిన పటం నిర్మాణం ఈ విధంగా ఉంటుంది. ముప్పై నుండి యాభై ఎకరాల విస్తీర్ణం గల పెద్ద ఖండాన్ని ఒక ప్రమాణంగా తీసుకున్నారు. దీనికే సూపర్‌బ్లాక్ అని పేరు. వేగంగా పోయే వాహనాలు దీని అంచుల వెంబడి వెళ్లవలసిందే. మధ్యలోంచి చీల్చుకుపోయే దారి ఉండదు. అంచు రోడ్డు నుండి పొట్టి సందులు లోపలికి వస్తాయి. వాటి అవతలి కొస మూసుకుని ఉంటుంది. ఒక్కొక్క సందుకు ఇరువైపులా గుప్పెడు ఇళ్లు. ఆ సందులోకి వచ్చే కారు అక్కడ నివసించేవారిదో, వారికోసం వచ్చినదో అయి ఉండాలి. ఖండం నడిబొడ్డున పొడవాటి ఉద్యానం వెన్నెముకలా సాగుతుంది. ఇళ్ల మధ్యనుండి కాలిబాటలు ఆ ఉద్యానానికి చేరతాయి. హోవర్డ్ అవెన్యూ వద్ద రోడ్డు కిందుగా నడకదారి తవ్వి ఒక ఉద్యానాన్ని మరొకదానితో కలిపారు. బడికి వెళ్లే పిల్ల ఇంటి నుండి బయలుదేరి కార్ల రోడ్డు దాటకుండానే వెళ్లగలిగే ఏర్పాటిది. ఉద్యానాలకు మొక్కలనూ చెట్లనూ ఎంపికచేసి రూపకల్పన చేసినది మార్జొరీ స్యూవెల్ కాట్లీ. ప్రణాళికా చరిత్రలో స్టైన్, రైట్‌ల పేర్లు వినిపించినంతగా ఆమె పేరు వినిపించకపోవడం గమనార్హం.

ఇంత విశాలమైన ఉద్యానాలకు డబ్బు ఎక్కడిదన్న సందేహం సహజం. సందులు ఇరుకైనవి కావడం, నీటి గొట్టాలూ మురుగు కాలువలూ తక్కువ పొడవుతో సరిపోవడం వల్ల మామూలు చదరపు వీధుల పద్ధతితో పోలిస్తే వీధుల విస్తీర్ణం, గొట్టాల పొడవు సుమారు నాలుగోవంతు తగ్గాయని స్టైన్ లెక్క. అలా మిగిలినది ఉద్యానాలకు వెచ్చించారు. ఉద్యానం ఇక్కడ దయతో ఇచ్చిన దానం కాదన్న మాట. రోడ్డు నుండి మిగుల్చుకున్న నేల.

అదే 1929లో క్లారెన్స్ పెర్రీ తన ‘ఇరుగుపొరుగు ప్రమాణం’ సిద్ధాంతాన్ని న్యూయార్క్ ప్రాంతీయ సర్వే సంపుటంలో ప్రచురించాడు. ఒక ప్రాథమిక పాఠశాలకు సరిపడా జనాభా, ఆ బడికి పిల్లలు నడిచివెళ్లగల దూరం, అంచుల్లో పెద్ద రోడ్లు, మూలల్లో దుకాణాలు అనేవి అందులోని ప్రధానాంశాలు. క్వీన్స్‌లోనే ఉన్న ఫారెస్ట్ హిల్స్ గార్డెన్స్ అనే ప్రణాళికాబద్ధ వాడలో నివసించిన అనుభవం పెర్రీ ఆలోచనకు ఆధారం. రాడ్‌బర్న్ పటంలోనూ బడే కేంద్రం. గుడి చుట్టూ, చెరువు చుట్టూ, సంత చుట్టూ ఏర్పడిన ఊళ్లకు అలవాటుపడిన పాఠకులకు బడి చుట్టూ ఊరు కట్టడమన్న ఆలోచనలోని కొత్తదనం సులువుగానే స్ఫురిస్తుంది.

తొలి కుటుంబాలు 1929 వేసవి ఆరంభంలో ఇళ్లలోకి చేరాయి. అదే ఏడాది అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. తరువాతి ఏళ్లలో అమ్మకాలు పడిపోయి 1930ల మధ్యకు సిటీ హౌసింగ్ కార్పొరేషన్ దివాలా తీసింది. చుట్టూ వేయదలచిన పచ్చని పొలాల వలయం, పరిశ్రమలు పటంమీదనే మిగిలిపోయాయి. సంకల్పించిన పట్టణంలో 149 ఎకరాలు మాత్రమే రాడ్‌బర్న్‌గా నిలిచింది. అందులో 430 విడి ఇళ్లు, 90 వరుస ఇళ్లు, 54 జంట ఇళ్లు, 93 అపార్ట్‌మెంట్లు, 23 ఎకరాల అంతర ఉద్యానాలు ఉన్నాయి. జనాభా మూడు వేల పైచిలుకు. సొంత పరిశ్రమలతో నిలబడాలనుకున్న పట్టణం చివరకు రైలెక్కి న్యూయార్క్ కొలువుకు వెళ్లివచ్చేవారి శివారు వాడ అయింది.

వీధివాకిలి, పెరడు:

పటంలో ఉన్నదానికీ బతుకులో జరిగినదానికీ తేడా తెలియాలంటే రాడ్‌బర్న్ ఇంటి ముఖం ఎటువైపు ఉందో చూడాలి. తెలుగునాట పాతకాలపు ఇంటికి వీధివాకిలి ఒక వైపు, పెరటిదారి మరొక వైపు. వీధి అరుగుమీద పెద్దలు కూర్చుంటారు, దారినపోయేవారు పలకరిస్తారు, ఊరి సంగతులు తేలతాయి. పెరట్లో నుయ్యి, అంట్లు, ఆరవేసిన బట్టలు, గోడమీదుగా పొరుగింటివారితో మాటలు. మర్యాద ముందువైపు, పని వెనుకవైపు. అయితే ఊరి కబుర్లలో సగం పెరటి గోడ దగ్గర పుట్టినవే.

స్టైన్ బృందం ఇంటి ముఖాన్ని తిప్పివేసింది. కూర్చునే గదినీ పడకగదులనూ ఉద్యానం వైపు పెట్టి, వంటగదినీ కారు షెడ్డునూ సందు వైపు పెట్టింది. ఉద్యానం వైపు వాకిలి గౌరవద్వారం. సందు వైపు వాకిలి సరుకులు దించుకునే పనిద్వారం. నివాసులు ఉద్యానం వైపున కలుసుకుంటారు, పిల్లలు పచ్చికలో ఆడుకుంటారు అని రూపకర్తల అంచనా.

జరిగినది వేరు. పిల్లలు చక్రాల బళ్లు తొక్కడానికీ బంతి ఎగరవేయడానికీ గట్టి నేల ఉన్న సందునే ఎంచుకున్నారు. ఇంటికి వచ్చిన బంధువులు కారు దిగినచోటే వాకిలి వెతుక్కున్నారు. వంటగది కిటికీ సందు వైపే ఉన్నందువల్ల వంట చేసుకుంటూ పిల్లలను కనిపెట్టడం తల్లులకు వీలైంది. క్రమంగా పొరుగువారి పలకరింపులు వంటింటి వైపుకు చేరాయి. ఈ సంగతిని స్టైన్ తానే 1951లో వెలువడిన తన గ్రంథంలో అంగీకరించాడు. పనిద్వారమే వీధివాకిలి అయింది.

దీన్ని పథకపు ఓటమిగా చూసే విమర్శకులు ఉన్నారు. ఆ అభిప్రాయం తొందరపాటుగా తోస్తుంది. పదిహేను ఇరవై కుటుంబాల చిన్న సందు, అపరిచిత వాహనం అడుగుపెట్టని నేల అన్న రెండు ఏర్పాట్లే ఆ సందును పిల్లలకు యోగ్యంగా చేశాయి. ఉద్యానంలో దొరుకుతుందనుకున్న ఇరుగుపొరుగుతనం సందులో దొరికింది. అయితే, వంటింటి కిటికీ నుండి ఎవరు చూస్తారు, పగలంతా ఇంట్లో ఎవరుంటారు అన్న విషయంలో మాత్రం రూపకర్తల ఊహ వారి కాలానికి లోబడినదే. భర్త నగరంలో కొలువు చేస్తాడు, భార్య ఇంటిపట్టున ఉంటుంది అన్న భావన ఆ పటంలోని ప్రతి గీతలోనూ ఉంది.

సామాజిక జీవనం:

రాడ్‌బర్న్‌లో తొలి ఏళ్ల నుండే వ్యాపకాలకు లోటు లేదు. వాడ నిర్వహణకు ఏర్పడిన రాడ్‌బర్న్ అసోసియేషన్ ఆటపాటల నిర్వహణకు జీతంపై సిబ్బందిని నియమించింది. ఈత కొలను, టెన్నిస్ మైదానాలు, బడికి వెళ్లని పసిపిల్లల కేంద్రం, పెద్దలకు సాయంకాలపు తరగతులు, నాటక బృందం వంటివి నెలకొన్నాయి. రాడ్‌బర్న్ ప్లేయర్స్ అనే ఆ నాటక బృందం స్థానిక ఔత్సాహిక రంగస్థలంలో దీర్ఘకాలం నిలిచిన పేరు. అమెరికన్ వయోజన విద్యా సంఘం 1934లో ప్రచురించిన రాబర్ట్ హడ్సన్ అధ్యయనానికి రాడ్‌బర్నే విషయం. ఒక శివారు వాడ తీరికవేళను ఎలా గడుపుతోందన్నది గ్రంథరచనకు తగిన విషయమని అప్పటి విద్యావేత్తలు భావించడమే విశేషం.

ఈ సందడికి పటం ఎంతవరకు కారణమో, డబ్బూ చదువూ తీరికా ఉన్న ఒకే తరహా కుటుంబాలు ఒకచోట చేరడం ఎంతవరకు కారణమో విడదీయడం కష్టం. ఒక విషయంలో మాత్రం కొలతలు ఉన్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ లాన్సింగ్ బృందం 1970లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం రాడ్‌బర్న్ నివాసులలో 47 శాతం మంది కిరాణా సరుకులకు నడిచివెళ్లేవారు. వర్జీనియాలోని ప్రణాళికాబద్ధ పట్టణం రెస్టన్‌లో ఇది 23 శాతం. రాడ్‌బర్న్‌కు సమీపంలోనే ఉన్న, ప్రణాళిక లేని ఒక వాడలో 8 శాతం. నలభై ఏళ్ల తరువాత కూడా, ప్రతి ఇంటా కారు ఉన్న దేశంలో, కాలిబాట మనుషులను నడిపించిందన్న మాట. స్నేహాన్ని పటం పుట్టించగలదో లేదో గాని నడకను పుట్టించగలదని ఈ అంకెలు చూపుతున్నాయి. ఎదురుపడే అవకాశం నడిచేవారికే ఎక్కువ.

చోటు దొరకనివారు:

కలిసి బతకడం అన్న మాటలో ఎవరెవరు కలుస్తారన్నది దాగి ఉంటుంది. సిటీ హౌసింగ్ కార్పొరేషన్ సంస్కరణ దృక్పథం గలది. కార్మికులకు మంచి ఇళ్లు కట్టాలన్నది దాని ప్రకటిత ఆశయం. ధరలు మాత్రం కార్మికులకు అందలేదు. యూదులకూ నల్లజాతీయులకూ ఇళ్లు దక్కకుండా చూసే పద్ధతిని అమ్మకం వ్యవహారాలు చూసినవారు పాటించారని డేనియల్ షాఫర్ 1982 నాటి తన గ్రంథంలో చర్చించాడు. స్టైన్, బింగ్ ఇద్దరూ యూదు కుటుంబాలకు చెందినవారన్న సంగతి తలచుకుంటే ఈ వైరుధ్యం మరింత తీవ్రంగా కనిపిస్తుంది. అగ్రహారానికీ వెలివాడకూ మధ్య దూరం తెలిసిన పాఠకులకు దీన్ని వేరే వివరించనక్కరలేదు. పాత వాడల్లో అలవాటుగా వచ్చిన వేర్పాటు కొత్త వాడలో అమ్మకపు కౌశలంగా తిరిగివచ్చింది.

నిబంధనల ప్రకటన:

పటాన్ని స్టైన్, రైట్‌లు గీయగా, దానికి చట్టపరమైన శరీరాన్ని ఇచ్చినది న్యాయవాది చార్లెస్ ఆషర్. ఆయన రూపొందించిన నిబంధనల ప్రకటన 1929లో నమోదైంది. ఇల్లు కొన్న ప్రతి ఒక్కరూ, వారి నుండి కొన్నవారూ, తరతరాలుగా దానికి కట్టుబడి ఉండాలి. ఇంటి వెలుపలి రూపంలో మార్పు చేయాలంటే అనుమతి కావాలి. ఉద్యానాల నిర్వహణకు ఏటా రుసుము చెల్లించాలి. నిబంధన వ్యక్తితో గాక నేలతో నడుస్తుంది. ఇల్లు చేతులు మారినా నిబంధన మారదు.

ఇటువంటి ఏర్పాటు ఎందుకు అవసరమైందో అర్థం చేసుకోవచ్చు. ఫెయిర్‌లాన్ అప్పటికి చిన్న వ్యవసాయ బరో. ఉద్యానాలు, ఈత కొలనులు, ఆటల సిబ్బంది వంటివి భరించే శక్తి దానికి లేదు. అందువల్ల స్థానిక ప్రభుత్వం చేయవలసిన పనులలో కొన్నింటిని రాడ్‌బర్న్ అసోసియేషన్ అనే ప్రైవేటు సంస్థ తలకెత్తుకుంది. రుసుము పన్నులాంటిది, ట్రస్టీల మండలి పురపాలక మండలిలాంటిది, మేనేజరు కమిషనరులాంటివాడు. పాలనాశాస్త్రంలో ప్రసిద్ధుడైన లూయిస్ బ్రౌన్‌లో రాడ్‌బర్న్ తొలి రోజులలో సలహాదారుగా పనిచేశాడు. నిపుణులు నడిపితే రాజకీయాల మకిలి అంటకుండా పనులు సాగుతాయన్న విశ్వాసం ఆ కాలపు అమెరికన్ సంస్కర్తలలో బలంగా ఉండేది.

ఒక్క పోలిక మాత్రం కుదరలేదు. పురపాలక సంఘంలో పన్ను కట్టేవారు ఓటర్లు. రాడ్‌బర్న్‌లో రుసుము కట్టే గృహస్థులు అసోసియేషన్ సభ్యులు కారు. ట్రస్టీలుగా ఉన్నవారు, పూర్వం ఉండినవారు మాత్రమే సభ్యులు. తరువాతి ట్రస్టీలుగా ఎవరు నిలబడాలన్నది నిర్ణయించే అధికారం వారిదే. నివాసులు తమ అభిప్రాయాలు చెప్పుకోవడానికి వేరే పౌరసంఘం ఒకటి ఏర్పరచుకున్నారు. అది మాట్లాడగలదు, నిర్ణయించలేదు. పట్టణం పూర్తయ్యేవరకు పటం చెడకుండా కాపాడుకోవాలన్న కట్టినవారి ఆతృత ఈ ఏర్పాటులో కనిపిస్తుంది. పట్టణం పూర్తికాలేదు, కట్టినవారు పోయారు. తాత్కాలికంగా పనికివచ్చే కాపలా శాశ్వత పాలనగా స్థిరపడింది.

ఇవాన్ మెకెన్జీ 1994లో వెలువరించిన ‘ప్రైవటోపియా’ అనే గ్రంథంలో రాడ్‌బర్న్‌కూ ఆషర్‌కూ ప్రముఖ స్థానం ఇచ్చాడు. అమెరికాలో కోట్లాది మంది నివసించే గృహయజమానుల సంఘాల వంశవృక్షంలో రాడ్‌బర్న్ ఒక ముఖ్యమైన కొమ్మ అన్నది ఆయన వాదన. సూపర్‌బ్లాకులను అనుకరించిన బిల్డర్లు తక్కువ. నిబంధనల పత్రాన్ని అనుకరించినవారు లెక్కకు మిక్కిలి. ఉద్యానం కట్టడానికి ఖర్చవుతుంది, నిబంధన రాయడానికి కాదు.

ఎనభై ఎనిమిదేళ్ల నిరీక్షణ:

రాడ్‌బర్న్ 1975లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల పట్టికలోకి, 2005లో జాతీయ చారిత్రక కట్టడాల శ్రేణిలోకి చేరింది. దాదాపు ఆ గౌరవం దక్కిన కాలంలోనే కొందరు నివాసులు తమకు సభ్యత్వం, స్వేచ్ఛగా పోటీచేసే హక్కు కావాలని న్యాయస్థానానికి వెళ్లారు. నిర్వాహకుల వాదన తేలికగా తోసిపుచ్చదగినది కాదు. ఎన్నో దశాబ్దాలుగా ఉద్యానాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, రుసుములు సక్రమంగా ఖర్చయ్యాయి, ఇల్లు కొన్నవారికి నిబంధనలు ముందే తెలుసు అన్నది దాని సారం. నివాసుల ప్రశ్న ఒక్కటే. తమ డబ్బుతో నడిచే సంస్థలో తాము ఎవరు?

న్యాయస్థానాలు ఆ పాలనా నిర్మాణాన్ని మార్చలేదు. మార్పు శాసనసభ ద్వారా వచ్చింది. న్యూజెర్సీ 2017 జూలైలో చేసిన చట్టసవరణ ప్రకారం ప్రణాళికాబద్ధ నివాసవాడలలో ఇంటి యజమానులందరూ సంఘ సభ్యులే. ట్రస్టీల పదవికి అర్హులైన సభ్యులు ఎవరైనా పోటీచేయవచ్చు, ఎన్నికలు జరపవలసిందే. రాష్ట్రమంతటికీ వర్తించే ఆ సవరణను న్యాయవాదులు ‘రాడ్‌బర్న్ చట్టం’ అనే పిలుస్తారు. పసిపిల్లల భద్రతకు పర్యాయపదంగా మొదలైన పేరు ఓటుహక్కు వివాదానికి పర్యాయపదంగా శాసనచరిత్రకెక్కింది.

ఈ సందర్భంలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని గ్రీన్‌బెల్ట్‌తో పోలిక ఉపకరిస్తుంది. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నిర్మించగా 1937లో నివాసులు చేరిన ఈ పట్టణానికీ స్టైన్ సలహాలు అందాయి. సూపర్‌బ్లాకులు, లోపలి ఉద్యానాలు, రోడ్డు కింది నడకదారులు ఇక్కడా ఉన్నాయి. చట్టరూపం మాత్రం వేరు. గ్రీన్‌బెల్ట్ మొదటినుండీ ఎన్నికైన మండలి గల పట్టణం. దుకాణాలు సహకార పద్ధతిలో నడిచాయి. నివాసులే 1937లో ప్రారంభించిన సహకార వార్తాపత్రిక నేటికీ వెలువడుతోంది. ప్రభుత్వం 1950లలో ఇళ్లను అమ్మివేసినప్పుడు వాటిలో అధిక భాగాన్ని నివాసుల సహకార సంస్థే కొన్నది. నల్లజాతీయులను తొలినాళ్లలో చేర్చుకోకపోవడం అక్కడా ఉంది. ఆ విషయంలో గ్రీన్‌బెల్ట్ మేలైనదేమీ కాదు. పాలన విషయంలో మాత్రం ఒకే రకపు పటంమీద రెండు రకాల పౌరజీవనం సాధ్యమేనని ఈ జంట ఉదాహరణలు తెలుపుతున్నాయి.

భారతదేశంలో పటమూ పత్రమూ:

రాడ్‌బర్న్ పటం భారతదేశానికి వచ్చిన దారి స్పష్టంగానే తెలుస్తుంది. చండీగఢ్ తొలి ప్రణాళికను రూపొందించిన ఆల్బర్ట్ మేయర్, స్టైన్‌కు సన్నిహితుడు. ఆ ప్రణాళికకు సలహాదారులలో స్టైన్ ఒకడు. మేయర్ సహచరుడు మాథ్యూ నోవికీ 1950లో విమాన ప్రమాదంలో మరణించగా, మరుసటి ఏడాది ఆ పని ల కార్బూజియే చేతికి వెళ్లింది. మేయర్ సూపర్‌బ్లాక్, కార్బూజియే చేతిలో 800 మీటర్ల వెడల్పు, 1200 మీటర్ల పొడవు గల సెక్టారుగా మారింది. మధ్యలో పచ్చని పట్టీ, అంచుల్లో వేగపు రోడ్లు అన్న మూలసూత్రం నిలిచింది. ఉద్యోగి హోదాను బట్టి ఇంటి తరగతిని నిర్ణయించే పద్ధతి దానికి ఇక్కడ కలిసిన చేర్పు.

సెక్టారు అన్న మాట ఆ తరువాత దేశంలోని ప్రభుత్వరంగ టౌన్‌షిప్పుల చిరునామాలలో సాధారణమైంది. విశాఖ ఉక్కు కర్మాగారపు ఉక్కునగరం కూడా సెక్టార్లుగానే విభజితం. ఇటువంటి చోట్ల ఇరుగుపొరుగు పాలన సమస్య పెద్దగా తలెత్తలేదు. ఇల్లు ఇచ్చినదీ, వీధిదీపం వేసినదీ, కొళాయి బాగుచేసినదీ యాజమాన్యమే. ఉద్యోగి విరమణ పొందితే ఇల్లు ఖాళీచేయాలి. కార్మికసంఘం ఉంటుంది గాని నివాసిగా అతనికి ప్రత్యేకమైన గొంతు తక్కువ.

నిబంధనల పత్రం వంటిది తెలుగు రాష్ట్రాలకు మరొక తోవలో చేరింది. దానిని రాడ్‌బర్న్ నుండి నేరుగా దిగివచ్చినదిగా చెప్పడం సరికాదు. అపార్ట్‌మెంట్లూ, గేటు వేసిన విల్లాల సముదాయాలూ పెరిగేకొద్దీ అదే సమస్య ఇక్కడా పుట్టింది. ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. ఉమ్మడి భాగాలలో ప్రతి యజమానికీ విడదీయరాని వాటా ఉంటుందని అది గుర్తించింది. కేంద్రప్రభుత్వపు స్థిరాస్తి నియంత్రణ చట్టం (2016) మరికొంత ముందుకు వెళ్లింది. స్థానిక చట్టాలు లేనిచోట, సగానికి మించిన ఇళ్లు బుక్కయిన మూడు నెలలలోగా కొనుగోలుదారుల సంఘం ఏర్పడేలా నిర్మాణదారు చూడాలని 11వ సెక్షన్, ఉమ్మడి స్థలాలను ఆ సంఘానికి అప్పగించాలని 17వ సెక్షన్ చెబుతున్నాయి. సంఘం ఏర్పాటులో పాలుపంచుకోవడం కొన్నవారి బాధ్యత అని 19వ సెక్షన్ పేర్కొంటుంది. రాడ్‌బర్న్‌లో ఉద్యానాన్ని ఎవరికి అప్పగించాలన్న చోట తలెత్తిన చిక్కుకు ఈ చట్టం తొలి నుండే యజమానుల పక్షాన జవాబు ఇచ్చింది.

ఆ జవాబు యజమానుల దగ్గర ఆగిపోతుంది. అద్దెకుండే కుటుంబం నెలనెలా నిర్వహణ రుసుము భరించినా సంఘం ఎన్నికలలో దానికి సాధారణంగా ఓటు ఉండదు. న్యూజెర్సీ సవరణలోనూ సభ్యత్వం యజమానిదే. గేటు వద్ద కాపలా ఉండేవారు, ఇళ్లలో పనిచేసేవారు, తోటమాలులు రోజులో అధికభాగం గడిపేది ఆ వాడలోనే అయినా బైలాలలో వారి ప్రస్తావన అనుమతులూ ఆంక్షలూ ఉన్న పుటలకే పరిమితం. ఆ బైలాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. నోటీసు బోర్డుమీద తెలుగు కనబడేది తరచుగా ఈ వర్గాలను ఉద్దేశించిన సూచనలలోనే. ఏ భాషలో హక్కులు రాస్తున్నారు, ఏ భాషలో ఆజ్ఞలు రాస్తున్నారు అన్న కోణంలో కాలనీల బైలాలను, నోటీసులను, సమావేశపు పుస్తకాలను సేకరించి చదవడం తెలుగు పరిశోధకులకు అందుబాటులోనే ఉన్న పని. వాడ, పేట, పాలెం అనే మాటల చరిత్రను శాసనాల నుండి, కైఫీయతుల నుండి రాబట్టిన పద్ధతి ఈ పత్రాలకూ వర్తిస్తుంది.